ఎముకే లేని జీవి రాయిలో ఎట్లా మిగిలింది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే వైపుకి తిరిగాయి. పోయిన సంచికలో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న డైనోసార్ గురించి నాలుగు ముక్కలు రాశా, అంతే, ఇక శిలాజాల మీద ఒకటే వాట్సాప్‌లు. ఫోటోలు కూడా పంపారు చాలామంది, అందులో ఒకటి బాత్రూం టైల్, దాని గురించి మాట్లాడుకోవద్దు. మిగిలిన వాటిలో ఐదు తీసుకున్నా.

ప్రశ్న: సార్, మీరు రాసింది చదివి మా బాబుని ఆదివారం మ్యూజియంకి తీసుకెళ్లాను. కోటాసారస్ ముందు నిల్చుని "అమ్మా దీని పొట్ట ఏది, పేగులేవి" అన్నాడు. కుళ్లిపోయినయి నాన్నా అన్నా. "మరి వానపాముకి ఎముకలే లేవు కదా, అది మొత్తం కుళ్లిపోతే అప్పట్లో పురుగులున్నయని ఎట్ల తెలుస్తది" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. – మల్కాజ్‌గిరి నుంచి ఒక తల్లి

మీవాడు అడిగింది చిన్న ప్రశ్న కాదమ్మా, దాని మీద జీవితాలు గడిపేసినవాళ్లున్నారు.

ముందు ఒక మాట చెప్పాలి, ఆ డైనోసార్‌కి పొట్ట సంగతి దేవుడెరుగు, తల కూడా దొరకలేదు. యామనపల్లి దగ్గర తవ్వితే కనీసం 12 జంతువుల ఎముకలు కలగాపులగంగా బయటపడ్డాయి, 800 పైచిలుకు ముక్కలు, తల తాలూకు మిగిలింది మాత్రం రెండే రెండు పళ్లు. మీరు చూసిన తల దాని చుట్టాల తలల్ని బట్టి వేసిన అంచనా. ఇంకో సంగతి, వికారాబాద్ వైపు నస్కల్ అని ఒక ఊరుంది, డైనోసార్ల ఆఖరి కాలంలో, అంటే క్రెటేషియస్‌లో, మన దేశంలో పాలిచ్చే జంతువులు కూడా ఉండేవని మొదటిసారి తేలింది అక్కడి రాళ్ల నుంచే, 1988లో. చుంచెలుక సైజు జంతువది, డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు, దొరికింది మాత్రం మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు. పన్ను కంటే గట్టిది ఒంట్లో ఇంకేం ఉంటుంది చెప్పండి. ఎముకలూ పళ్లూ ఉన్నవాటికే ఈ గతి పడితే మరి పురుగు పరిస్థితేంటి అన్నది మీవాడి పాయింట్, కరెక్టే.

రాంనగర్ నుంచి చేప తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయి, సాయంత్రానికి చూడండి. (చూడకపోయినా వాసన చెప్తుంది.) ముందు పొట్ట భాగం మెత్తబడుతుంది, ఎందుకంటే తిన్నది అరిగించే రసాలు బతికున్నప్పుడు మేతని అరిగిస్తాయి, చచ్చాక సొంత పేగుల్నే అరిగిస్తాయి. తర్వాత మొప్పలు, తర్వాత కండ, చర్మం, పొలుసు, ఆఖర్న ముల్లు. రాయిగా మారడానికి లక్షల ఏళ్లు పడుతుందని అందరూ అంటారు, అది బురద రాయిగా గట్టిపడే సంగతి. పురుగు ఒంటి విషయంలో అంత టైం ఎక్కడిది? వారాల్లో ఏదో ఒక ఖనిజం వచ్చి ఆ కండ ఉన్న చోట కూర్చోవాలి, లేకపోతే ఖాళీయే.

అట్లా వారాల్లో జరుగుతుందా అంటే జరుగుతుంది. 1993లో బ్రిగ్స్, కియర్ అని ఇద్దరు ల్యాబులో చచ్చిన రొయ్యల్ని మూతేసిన గిన్నెల్లో పెట్టి కుళ్లనిస్తే, కొన్ని వారాలకే వాటి కండ కాల్షియం ఫాస్ఫేట్‌గా మారడం మొదలైంది. కాల్షియం ఫాస్ఫేట్ అంటే మన ఎముకలో ఉండే సరుకే. అంటే కండ కూడా ఎముకలాంటిదైపోయింది అనుకోండి. కుళ్లుతుంటే చుట్టూ నీళ్లు కాస్త పులుస్తాయి, అందులో సున్నం రాయి కట్టడం కుదరదు, ఫాస్ఫేట్ ముందుకొస్తుంది. బ్రెజిల్‌లో అరారిపి అనే చోట దొరికే చేపల కండలో పోగులు పోగులుగా, మైక్రోస్కోప్ కింద పెడితే కణాల దాకా కనిపించేంత బాగా మిగలడానికి కారణం ఇదే.

మీవాడి వానపాముకి దగ్గర చుట్టం కాదు గానీ, సముద్రపు అడుగున బొరియల్లో బతికిన పురుగులు చైనాలో యున్నాన్ రాష్ట్రం చెంగ్జియాంగ్‌లో దొరికాయని చెప్పండి. 1984లో బయటపడ్డ చోటది, వయసు 51.8 కోట్ల ఏళ్లు, ఒక్కో పురుగులో పేగు దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. పేగులేవి అని అడిగాడుగా, అక్కడున్నాయి.

ప్రశ్న: సార్, అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నా. మా నోట్స్‌లో కెనడాలో శిలాజాలు దొరికే బర్జెస్ షేల్ గురించి ఒక్క లైనే ఉంది, ఆక్సిజన్ లేని బురదలో పూడిపోవడం వల్ల మెత్తని జీవులు భద్రంగా ఉన్నాయి అని. అంతేనా? మా అమ్మ ఆవకాయ మీద నూనె తేలేలా పోసేది కూడా గాలి తగలకూడదనే కదా, అదే లాజిక్ అనుకోవచ్చా?

ఆ లైన్ రాసేయండి, మార్కు వస్తుంది. కానీ సగమే నిజం, నాకు ఈ సగం నిజాలంటేనే ఎక్కువ చిరాకు.

ఆవకాయ సంగతే తీసుకుందాం, అందులో ఉప్పు వేయకుండా ఉత్త నూనె పోసి జాడీ మూత పెట్టి చూడండి, నెల తిరక్కుండానే మీ అమ్మగారు జాడీతో సహా మిమ్మల్ని బయటపెడతారు. కాపాడేది ముఖ్యంగా ఉప్పు, నూనె దానికి తోడు. ఇంకా సూటిగా చెప్పాలంటే గోబర్ గ్యాస్ ప్లాంట్ గుర్తు తెచ్చుకోండి. దాంట్లోకి గాలి చొరబడకుండా ఎంత జాగ్రత్త పడతారు? మరి లోపల పేడ కుళ్లకుండా ఉంటోందా? శుభ్రంగా కుళ్లుతోంది, ఆ కుళ్లుతోనే స్టవ్ వెలుగుతోంది. గాలి లేకుండా బతికే బాక్టీరియా బోలెడు, వాటికి ఆక్సిజన్ అక్కర్లేదు, నీళ్లలో ఉన్న సల్ఫేటో ఇంకోటో చాలు. ఆక్సిజన్ లేకపోవడం వల్ల జరిగే అసలు మేలు వేరే, పీక్కుతినే పీతలూ బురద తోడే పురుగులూ అటు రాలేవు, కాబట్టి శవం చెదిరిపోకుండా ఒక చోట ఉంటుంది. కుళ్లడం మాత్రం ఆగదు.

మే నెలలో వానలకి ముందు నాలాల్లో పూడిక తీసి రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు చూశారా? తీసిన రోజు అది కాటుకలా నల్లగా ఉంటుంది, కోడిగుడ్డు మురిగిన కంపు. మర్నాడో ఎల్లుండో అటే వెళ్లి చూస్తే పైపొర గోధుమరంగుకి తిరిగి ఉంటుంది, కర్రతో గీకితే లోపల ఇంకా నలుపే. ఈ ఒక్క కుప్ప చూస్తే సగం పాఠం వచ్చేసినట్టే. గాలి లేని బురదలో బాక్టీరియా సల్ఫేట్‌ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదుల్తాయి, ఆ కంపు దానిదే, అది బురదలో ఉన్న ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, ఇంకొన్నాళ్లు కదిలించకుండా వదిలేస్తే అదే పైరైట్ అవుతుంది, బంగారంలా మెరిసే ఖనిజం. గాలి తగిలితే మళ్లీ తుప్పు రంగు.

ఇప్పుడు అసలు విషయం. కుళ్లుతున్న శవమే ఈ ఖనిజాన్ని పుట్టిస్తోంది. అంటే కుళ్లు శత్రువూ అదే, కాపలాదారూ అదే. న్యూయార్క్ రాష్ట్రంలో బీచర్ బెడ్ అని ఒక సన్నని పొర ఉంది, అందులో ట్రైలోబైట్లకి (గట్టి పైడొప్పతో సముద్రంలో బతికి, ఎప్పుడో అంతరించిన జీవులు) కాళ్లూ మీసాలూ కూడా పైరైట్‌గా మారి మిగిలాయి. మామూలుగా ట్రైలోబైట్ అంటే పైడొప్పే దొరుకుతుంది, కాళ్లు దొరకవు. అక్కడే ఎందుకు దొరికాయంటే ఆ బురదలో ఇనుము పుష్కలం, కుళ్లే పదార్థం మాత్రం తక్కువ, బాక్టీరియాకి దొరికిన తిండల్లా ఆ ట్రైలోబైట్లే. అందుకే సల్ఫైడ్ అక్కడే తయారైంది, ఇనుము అక్కడే పట్టేసింది. అదే మన నాలా బురదలా మొత్తం కుళ్లుతో నిండి ఉంటే పైరైట్ అంతటా చల్లినట్టు పుట్టేది, ఏ కాలి ఆకారమూ నిలిచేది కాదు.

బర్జెస్ షేల్ దారి వేరు, అక్కడ కుళ్లుని మధ్యలో ఆపేశారన్నట్టు. కెనడా కొండల్లో 1909లో వాల్కాట్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన చోటది, తర్వాత ఆయన ఏళ్ల తరబడి వచ్చి 65,000 దాకా నమూనాలు పట్టుకెళ్లాడు, వయసు 50.8 కోట్ల ఏళ్లు. అప్పుడది సముద్రం అడుగున ఒక సున్నపురాయి గోడ పాదం, పైనుంచి మెత్తని మట్టి నీళ్లతో కలిసి కొట్టుకొచ్చి జీవుల్ని ఉన్నపళంగా కప్పేసేది, అందుకే కొన్ని పక్కకి, కొన్ని తలకిందులుగా దొరుకుతాయి. మన ఇసుక లారీ గుమ్మరించినట్టు కాదు, ఆ మట్టి పొడి చాలా సన్నం, ముఖానికి రాసే పౌడర్‌ని తలచుకోండి, అలాంటి మట్టిలోంచి నీళ్లు కదలడం కష్టం. దాని మీద అప్పటి సముద్రం నీళ్లకున్న గుణం వల్ల పొర పైభాగాన వెంటనే సున్నపు సిమెంటు పట్టిందని 2012లో గెయిన్స్ బృందం చూపించింది. మేస్త్రీ గోడకి ప్లాస్టరింగ్ చేసినట్టు రంధ్రాలు పూడిపోయాయి, పైనుంచి సల్ఫేట్ రావడం ఆగింది, లోపలి బాక్టీరియాకి సరఫరా లేదు, కుళ్లు నెమ్మదించింది, జీవి ఒక సన్నని కార్బన్ పొరగా మిగిలింది.

కాబట్టి మీ నోట్స్‌లో ఆ లైన్ పక్కన పెన్సిల్‌తో "సన్నని మట్టి, త్వరగా పూడ్చడం, పైన సున్నపు సీల్" అని రాసుకోండి. ఇంటర్వ్యూలో ఎవరైనా జియాలజీ మనిషి తగిలితే పనికొస్తుంది.

అన్నట్టు సగం కుళ్లినవాటి వల్ల ఎన్ని తిప్పలో. బర్జెస్‌లోనే అనోమలోకారిస్ అని ఒక వేటాడే జంతువు, దాని ముందరి చేతిని రొయ్య అనుకున్నారు, నోటిని జెల్లీఫిష్ అనుకున్నారు, ఒంటిని ఇంకో జీవి అనుకున్నారు, ఇవన్నీ ఒక్కదానివేనని 1985లో గానీ తేలలేదు. హాలుసిజీనియా అనే ఇంకోదాన్నైతే ఏళ్ల పాటు తలకిందులుగా గీశారు, వీపు మీది ముళ్లని కాళ్లనుకున్నారు పాపం.

ప్రశ్న: నమస్తే. సింగరేణిలో 31 ఏళ్లు పని చేసి రిటైర్ అయి ఇప్పుడు కొంపల్లిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అండర్‌గ్రౌండ్‌లో రూఫ్ షేల్ (బొగ్గు పైన కప్పులా ఉండే బురదరాయి) మీద ఆకుల అచ్చులు ఎన్ని చూశానో లెక్కలేదు, ఈనెలు కూడా తెలిసేవి. కానీ ఒక్క చేప ముల్లు గానీ, పురుగు గానీ నా కంటబడలేదు. ఆకు ఉన్నప్పుడు జంతువు ఎందుకు లేదు? అంత బరువు కింద, అంత వేడికి మెత్తనివి నిలుస్తాయా?

అన్నా, మీరు చూసిన ఆకుల్లో ఎక్కువ భాగం గ్లాసోప్టెరిస్ అయి ఉంటాయి, నాలుక ఆకారంలో, మధ్యన గట్టి ఈనె. మన గోదావరి లోయ బొగ్గు ఆ చెట్లదే.

జంతువు ఎందుకు లేదంటే, బొగ్గుగా మారిన చిత్తడి నేలలో నీళ్లు పులుపు, యాసిడ్ గుణం. ఆ నీళ్లలో ఎముక కరిగిపోతుంది. పైన మల్కాజ్‌గిరి బాబుకి చెప్పినదానికి ఇక్కడ అంతా ఉల్టా, గట్టి ఎముక పోయింది, మెత్తని ఆకు మిగిలింది. ఆకు పైన మైనపు పొర ఉంటుంది కదా, దాన్ని అరిగించుకోవడం బాక్టీరియా వల్ల అంత తేలిగ్గా కాదు.

కానీ బొగ్గు గనుల దగ్గరే మెత్తని జంతువులు కుప్పలుగా దొరికిన చోటు ఒకటుంది, మీకు నచ్చుతుంది వినండి. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం, మేజన్ క్రీక్. మన ఓబీ కుప్పల్లాంటివే, ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కోసం తీసి పక్కన పోసిన మట్టి గుట్టలు, అందులో బంగాళదుంపల్లాంటి గుండ్రని రాళ్లు. పగలగొడితే లోపల జెల్లీఫిష్, పురుగు, రొయ్య. 1950ల్లో టల్లీ అని ఒక ఔత్సాహికుడు అక్కడ ఏనుగు తొండం లాంటి మూతితో ఒక వింత జీవిని పట్టుకొచ్చాడు, టల్లీ మాన్‌స్టర్ అని పేరు పడింది, దానికి వెన్నెముక ఉందా లేదా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అది చిత్తడి మధ్యలో కాదు, నది సముద్రంలో కలిసే చోటి బురద, సుమారు 31 కోట్ల ఏళ్ల కిందటిది. నది నీళ్లు కలవడం వల్ల సల్ఫేట్ తక్కువ, కాబట్టి నాలా కథ అక్కడ పూర్తిగా నడవలేదు, ఇనుము సల్ఫైడ్‌కి చిక్కకుండా కుళ్లులోంచి వచ్చిన కార్బొనేట్‌తో కలిసి సిడరైట్ అయింది, శవం చుట్టూ ఉండలా గట్టిపడింది. కుళ్లు అదే, ఇనుము అదే, నీళ్లు మారితే ఖనిజం మారింది. ఆ ఉండల్ని సుత్తితో కొడితే అడ్డదిడ్డంగా పగుల్తాయని అక్కడివాళ్లు నీళ్లలో నానబెట్టి ఫ్రీజర్‌లో పెడతారు, తీస్తారు, మళ్లీ పెడతారు, ఎన్నోసారికో అదే రెండు చిప్పలుగా విడిపోతుంది. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ పక్కన 31 కోట్ల ఏళ్ల రొయ్య, ఇంట్లోవాళ్లు ఏమంటారో మరి.

ఇక బరువు, వేడి. ఉండలోపల ఉన్నది చితకదు, అది గట్టిపడ్డాకే పైన బరువు పెరిగింది. ఉండ లేనిది మాత్రం కాగితంలా అణగాల్సిందే, మీ ఆకుల్లాగా. వేడి సంగతి ఇంకా చిత్రం. బర్జెస్ రాళ్లు కొండలు పుట్టేటప్పుడు భూమి లోపలికి కిలోమీటర్ల లోతుకి దిగిపోయి 300 డిగ్రీలు దాటి ఉడికాయి, ఐనా జీవుల రూపాలు నిలిచాయి. కార్బన్ పొర గ్రాఫైట్ వైపు జరిగింది, దాని మీద మట్టి ఖనిజాలు కొత్తగా పెరిగాయి, అందుకే ఇవాళ ఆ ముక్కని వెలుతురులో వాలుగా పట్టుకుంటే వెండి రేకులా తళుక్కుమంటుంది. అసలు నాశనం చేసేది వేడి కంటే నలుగుడు. రాయిని ఇటూ అటూ పిండితే పొరలు కొత్త దిక్కున చీలుతాయి, అప్పుడు శిలాజం ముక్కలు. బర్జెస్ అదృష్టం ఏంటంటే జీవుల్ని పూడ్చినప్పుడు పక్కనున్న ఆ సున్నపురాయి గోడే, కొండలు ముడుచుకునేటప్పుడు కూడా అడ్డంగా నిలబడి ఒత్తిడిని తను తీసుకుంది. గనిలో పిల్లర్ వదిలేస్తారు చూడండి, అట్లా అనుకోండి, మీకు నేను చెప్పాలా.

చైనా చెంగ్జియాంగ్‌ది ఇంకో కథ, అక్కడ అంత ఉడకలేదు గానీ వానకీ గాలికీ నాని రాయి పసుపుపచ్చ అయింది, లోపలి పైరైట్ తుప్పుపట్టి పసుపు మీద ఎర్రటి బొమ్మలయ్యాయి. నాలా కుప్ప పైపొరలో జరిగిందే, కోట్ల ఏళ్ల ఆలస్యంగా.

ఇంకో నష్టం మనం లెక్కలోకి తీసుకోం. లోతు సముద్రం అడుగు ఎప్పటికప్పుడు ఖండాల కిందకి దూరి భూమి లోపలికి పోతూ ఉంటుంది, ఇప్పుడున్నదాంట్లో దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ల లోపుదే. అంతకుముందు ఆ లోతు బురదలో ఏవి ఎంత చక్కగా మిగిలి ఉండేవో, వాటిలో చాలా మటుకు భూమే మింగేసింది.

ప్రశ్న: గోల్కొండ, జూబ్లీహిల్స్ బండల్లో శిలాజాలు దొరుకుతాయా? – 9వ తరగతి, టోలిచౌకి

దొరకవు బాబూ. అది గ్రానైట్, కరిగిన రాయి లోపలే చల్లారి గట్టిపడింది, అందులో ఏ జీవీ బతికి చావలేదు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, అప్పటికి భూమ్మీద ఉన్నవి కంటికి కనిపించని సూక్ష్మజీవులే. బండలెక్కండి, ఫోటోలు దిగండి, సుత్తి మాత్రం వద్దు.

ప్రశ్న: ఉప్పల్‌లో మా పాత ఇంట్లో తాండూరు బండలు వేసి ఉన్నాయి. ఒక బండ మీద ఫెర్న్ ఆకు అచ్చు ఎంత క్లియర్‌గా ఉందో, నల్లగా, కొమ్మలు కొమ్మలుగా. ఫోటో పెట్టాను. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ఈ బండ మ్యూజియంకి ఇస్తే తీసుకుంటారా?

ఫోటో చూశా, బావుంది, కానీ ఆకు కాదు సార్. దాన్ని డెండ్రైట్ అంటారు. రాయి పగుల్లోకి నీళ్లతో పాటు వచ్చిన మాంగనీసు నల్లగా పేరుకుంటూ కొమ్మలేసింది. గుర్తుపట్టడం ఎట్లా అంటే, మీ ఫోటోలోనే చూడండి, అన్ని కొమ్మలూ బండ అంచు గీత నుంచే మొదలై లోపలికి పాకుతున్నాయి, నీళ్లు వచ్చిన దారి అదే. ఆకైతే మధ్యన ఒక ఈనె ఉండాలి, రెండు వైపులా ఒక లెక్కలో రెమ్మలుండాలి. ఇంకో సాక్ష్యం వయసు, తాండూరు రాయి భీమా బేసిన్ సున్నపురాయి, అది పేరుకునే కాలానికి నేల మీద మొక్కే పుట్టలేదు, ఫెర్న్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చిన్నబుచ్చుకోకండి, పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. 2021లో మధ్యప్రదేశ్ భీమ్‌బేట్కా గుహ పైకప్పున డికిన్సోనియా దొరికిందని ప్రపంచమంతా వార్త. డికిన్సోనియా అంటే 55 కోట్ల ఏళ్ల నాటి పరుపు లాంటి చదును జీవి, ఎముకా డొప్పా ఏమీ లేదు. ఆస్ట్రేలియా, రష్యాల్లో దొరుకుతుంది, రష్యాలో దొరికినదాంట్లో కొలెస్ట్రాల్ జాడ ఇంకా ఉందని 2018లో తేల్చి అది జంతువేనన్నారు. అలాంటిది మన దేశంలో అంటే ఎంత సంబరం! తీరా ఇంకో బృందం వెళ్లి దగ్గర్నుంచి చూస్తే ఆ ఆకారం రాయిలో లేదు, రాయి మీద అతుక్కుని ఉంది, పైగా ఊడొస్తోంది. పాత తేనెపట్టు మిగిల్చిన మరక! 2023లో ఆ పేపర్ వచ్చింది. మొదట ప్రకటించిన శాస్త్రవేత్త కూడా తప్పు ఒప్పుకున్నాడు, అది నాకు నచ్చింది.

నిజంగా మీ బండల చుట్టాల్లో శిలాజాలు లేవా అంటే ఉన్నాయి, అదే భీమా బేసిన్‌లో షేల్ పొరల్లో చువారియా అని నల్లటి చిన్న బిళ్లలు, పెన్సిల్‌తో చుక్క పెట్టి రుద్దినట్టుంటాయి, సన్నని కార్బన్ పొర. చూడ్డానికి మీ ఆకు ముందు అవి దిగదుడుపే, ఎవరూ వంగి కూడా చూడరు.

బండ మాత్రం పారేయకండి, మ్యూజియం తీసుకోకపోయినా కొత్త ఫ్లాట్‌లో ఒక మూల వేయించుకోండి. అది సున్నపురాయేనా కాదా తేల్చుకోవాలంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేయండి, నురగలా చిన్న బుడగలు వస్తాయి. ఆకు బొమ్మ మీద మాత్రం వేయొద్దు, నిమ్మరసం పడ్డ చోట పాలిష్ పోయి తెల్లటి మచ్చ ఉండిపోతుంది, మా ఇంట్లో హాల్ మధ్యలో అట్లాంటిది ఒకటుంది, దాని మీద ఇప్పుడు డోర్‌మ్యాట్ వేసి ఉంది.